ఆవిడను ముందు భోజనాల వేళ బడికి రమ్మనండి

మండపేట దగ్గర చిన్న బడి నడుపుతున్న సోదరి అడిగిన ప్రశ్న ఇది. "మా దగ్గర నర్సరీ నుంచి 5వ తరగతి వరకు పిల్లలు, 11 మంది టీచర్లు ఉన్నారు. పిల్లలకు నలుగురితో కలిసి మెలగడం ఎలా నేర్పాలో టీచర్లకు శిక్షణ ఇచ్చే ఒకావిడ గురించి తెలిసింది. రెండు రోజుల తరగతికి ఒప్పుకొన్నారు. ఆవిడ పంపిన వివరాల్లో ధ్రువపత్రాలు చాలా ఉన్నాయి. కానీ ఆవిడ మా బడికి సరిపోతారో లేదో ఎలా తెలుసుకోవాలి? ముందుగా ఏమి అడగాలి?"

నేను కోనసీమలో 31 ఏళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు ప్రధానోపాధ్యాయురాలిని. వృత్యంతర శిక్షణల్లో వెనక బల్ల మీద కూర్చుని విన్నదాన్ని, రిసోర్స్ పర్సన్‌గా ముందు నిలబడి చెప్పినదాన్ని కూడా. ఆ రెండు వైపుల నుంచీ చూసిన అనుభవంతో చెబుతున్నాను. ఒప్పందం కుదుర్చుకునే ముందు ఆవిడను ఒక పూట మీ బడికి రమ్మనండి. మాట్లాడటానికి కాదు, చూడటానికి. పదకొండున్నరకు వచ్చి, పిల్లల భోజనాలు అయ్యి మళ్ళీ బెల్లు కొట్టేదాకా వరండాలో కూర్చోమనండి. ఆ తర్వాత "ఏమి చూశారమ్మా?" అని అడగండి. ఆవిడ మీకు సరిపోతారో లేదో ఆ జవాబులో తెలిసిపోతుంది. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

ఒక వేసవిలో మమ్మల్ని ఇలాంటి శిక్షణకే పిలిచారు. పెద్ద హాలు, అరవై మందికి పైగా టీచర్లం, ముందు తెర. తెర మీద అయిదు రేకుల పువ్వు బొమ్మ. తనను తాను ఎరగడం, తనను తాను అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారి స్థితి గ్రహించడం, సంబంధాలు నిలుపుకోవడం, బాధ్యతగా నిర్ణయం తీసుకోవడం. అమెరికాలో 1994లో మొదలైన కాసెల్ అనే సంస్థ చెప్పే అయిదు అంశాలు ఇవి. వాటిలో తప్పేమీ లేదు, ఇప్పటికీ నాకు వాటి మీద గౌరవమే. చెప్పినాయన కూడా చక్కగా మాట్లాడారు. మేమందరం ఆ పువ్వును చార్టు మీద గీసుకుని తెచ్చి తరగతి గోడకు అతికించాము. బడి తెరిచిన వారంలోనే రెండో తరగతి పిల్లవాడు పక్కవాడి చెయ్యి కొరికాడు. కొరికినవాడిని ఒక చేత్తో, ఏడుస్తున్నవాడిని ఇంకో చేత్తో పట్టుకుని నేను గోడ మీది పువ్వు వైపు చూశాను. అది నాకు ఏ దారీ చూపలేదు. ఆ రోజు నాకు కలిగిన నిస్సహాయత ఇప్పటికీ గుర్తుంది.

మరి కొన్నేళ్ళకు మా స్కూల్ కాంప్లెక్స్‌లోని, అంటే చుట్టుపక్కల బళ్ళ సమూహంలోని 14 మంది టీచర్లం తలా కొంత వేసుకుని రాజమహేంద్రవరం నుంచి ఒక శిక్షకురాలిని పిలిపించుకున్నాము. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: తరగతికి పది రోజుల ముందు మా బళ్ళలో ఏదైనా ఒకదానికి వచ్చి పిల్లలను చూడాలి. రావులపాలెంలో బస్సు దిగి, ఆటోలో కాలువ గట్టు మీది మా బడికి వచ్చారు. నా గదిలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఇచ్చిన కొబ్బరి నీళ్ళు తాగేసి, కుళాయి కనిపించేలా అరుగు చివర చోటు చూసుకుని కూర్చున్నారు. గంటన్నర పాటు ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉన్నారు. పిల్లలు మొదటి పది నిమిషాలు ఆవిడ చుట్టూ చేరి, తర్వాత మరిచిపోయారు.

బెల్లు కొట్టాక ఆవిడ చెప్పిన మొదటి మాట మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. రోజూ పళ్ళేలు కడిగే చోట తోపులాట జరిగేది. 'ఈ పిల్లలకు ఓపిక నేర్పాలి' అని మేము ఎన్నోసార్లు అనుకున్నాము. ఆవిడ మాత్రం, "ఇక్కడ పిల్లలకు నేర్పాల్సిందేమీ లేదండీ. ఎనభై మందికి రెండు కుళాయిలు. మనం పెద్దవాళ్ళం ఎనభై మందిమి నిలబడినా తోసుకుంటాము. తరగతుల వారీగా అయిదు నిమిషాల తేడాతో పంపి చూడండి" అన్నారు. మర్నాటి నుంచి అలాగే పంపాము. తోపులాట చాలావరకు తగ్గింది. నేర్పేది లేని చోట "లేదు" అని చెప్పగలిగిన శిక్షకురాలిని నేను అప్పుడే మొదటిసారి చూశాను. తన సరుకు అమ్ముకోవడానికి వచ్చినవారు ఆ మాట అనలేరు.

తర్వాత నాలుగో తరగతి పిల్లవాడి గురించి అడిగారు. వాడు ఆడుకుంటున్నవాళ్ళ దగ్గర బంతి లాక్కుని పారిపోయేవాడు. "వాడు ఎవరితోనూ కలవడు, ఆట చెడగొడతాడు" అని మా అందరిదీ ఒకే మాట. ఆవిడ పుస్తకం తెరిచి చదివారు. వాడు మొదట ఎనిమిది నిమిషాలు గోడకు ఆనుకుని ఆటనే చూశాడు. ఒకసారి నాలుగు అడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. ఇంకోసారి దగ్గరికి వెళ్ళి "నేనూ" అన్నాడు, ఎవరూ వినలేదు. మూడోసారి బంతి లాక్కున్నాడు. అప్పుడు అందరూ వాడి వెంట పరుగెత్తారు. "ఆ పూట మొత్తంలో వాడితో నలుగురు ఆడింది ఆ రెండు నిమిషాలే" అన్నారు ఆవిడ. ఇన్నేళ్ళుగా మేము చూసింది ఆ మూడోసారిని మాత్రమే. ముందు రెండూ మా కంట పడలేదు. నాకు ఆ క్షణంలో గొంతు పట్టేసింది.

జరుగుతున్న ఆటలోకి బయటి నుంచి పిల్లలు ఎలా ప్రవేశిస్తారన్నది పరిశోధకులు 1970ల చివరి నుంచీ జాగ్రత్తగా గమనించిన విషయం. ముందు కాసేపు చూసి, ఆట ఎటు పోతోందో గ్రహించి, ఆ ఆటకు పనికొచ్చే పని చేస్తూ చేరే పిల్లలను మిగతావారు ఎక్కువగా రానిస్తారు. ఆట ఆపి తన వైపు తిప్పుకోవాలని చూసేవారిని, అడ్డం పడేవారిని గెంటేస్తారు. మా వాడికి చూడటం వచ్చు, మధ్యలో చేయాల్సిన పని రాదు. కాలువ వైపు దొర్లిపోయిన బంతిని తెచ్చి ఇవ్వడం, పరుగులు లెక్కపెట్టడం, పంటలు వేసేటప్పుడు చెయ్యి చాచడం, ఇవి నేర్పించారు. ఒకసారి కాదంటే మళ్ళీ ఎప్పుడు, ఎలా అడగాలో కూడా నేర్పించారు. ఎందుకంటే అందరికీ ఇష్టమైన పిల్లలను కూడా కొన్నిసార్లు "వద్దు పో" అంటారు. తేడా ఏమిటంటే వారు రెండోసారి ప్రయత్నిస్తారు. వాడు కుదుటపడటానికి మూడు నెలలు పట్టింది. దసరా సెలవుల తర్వాత మళ్ళీ బంతి లాక్కున్నాడు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాము.

మూడో తరగతి అమ్మాయి సంగతి నేను ఎప్పటికీ మరిచిపోలేను. కాలు కాస్త ఈడ్చి నడిచే పిల్ల. ఆట ఏదైనా మిగతావాళ్ళు ఆమెను చేర్చుకునేవారు. అది చూసి మేము గర్వపడేవాళ్ళం. శిక్షకురాలు అడిగారు: "ఈ అమ్మాయి ఆటలో అరటిపండా?"

ఆటలో అరటిపండు అంటే మనందరికీ తెలుసు. పెద్ద పిల్లల ఆటలోకి వచ్చిన చిన్న తమ్ముడో, చెల్లెలో. పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు. పట్టుబడినా దొంగ కానక్కరలేదు. చిన్నవాళ్ళు ఏడవకుండా, ఆటా ఆగకుండా పిల్లలు తమకు తాము కనిపెట్టుకున్న ఏర్పాటు అది. ఏ శిక్షణా లేకుండా, ఏ పెద్దవాళ్ళూ చెప్పకుండా. ఆవిడ మొదట దానిని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. "కలుపుకోవడం మన పిల్లలకు కొత్తగా నేర్పక్కరలేదు. వారి దగ్గర దానికి పేరు కూడా ఉంది" అన్నారు. తర్వాత కాసేపు ఆగి, "కానీ చిన్న తమ్ముడు రెండేళ్ళు పోతే అరటిపండుగా ఉండడం మానేసి ఆటగాడు అవుతాడు. ఈ అమ్మాయి ఒకటో తరగతి నుంచి అరటిపండే. ఎప్పటికి ఆటలోకి వస్తుంది?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నను ఆవిడ మా చేత పిల్లలనే అడిగించారు. "ఈమె కూడా దొంగ అయ్యేలా ఆట మార్చగలరా?" అని. నాలుగు స్తంభాలాటలో ఆ అమ్మాయికి దగ్గరగా ఉండే రెండు స్తంభాలు ఇస్తామని ఒకరన్నారు. దాగుడుమూతల్లో ఆమె దాక్కునే వంతు వస్తే దొంగ ఇంకో యాభై లెక్కపెట్టాలని ఇంకొకరు. తొక్కుడుబిళ్ళలో గంతుకు బదులు అడుగు వేస్తే చాలని ఆ అమ్మాయే చెప్పింది. కొన్ని వారాల తర్వాత ఒకరోజు వరండాలో గొడవ వినిపించి బయటికి వచ్చాను. "నువ్వు తొండి చేశావు" అని ఒక పిల్లవాడు ఆ అమ్మాయి మీద అరుస్తున్నాడు. "చేయలేదు, నువ్వే తొండి" అని ఆమె అంతకంటే గట్టిగా అరుస్తోంది. అరటిపండును ఎవరూ తొండి అనరు. నేను గొడవ ఆపకుండా లోపలికి వెళ్ళిపోయాను.

ఇంకో పిల్ల తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, ఆ పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండేది. మన వైపు ఇది ఎన్ని ఇళ్ళలో ఉందో మీకు తెలుసు. తల్లి పంపిన చాక్లెట్లు తెచ్చి పంచేది. "మంచి పిల్ల, పంచుకునే గుణం" అని మా టీచర్లు ముచ్చటపడేవారు. శిక్షకురాలు గమనించింది వేరు. చాక్లెట్ తీసుకున్న పిల్లల్లో ఒక్కరూ ఆ అమ్మాయి పక్కన కూర్చుని తినలేదు. చాక్లెట్లు మానిపించమని ఆవిడ అనలేదు. రోజూ ఒకే తోడుతో చేసే పని ఏదైనా ఇవ్వమన్నారు. బాదం చెట్టు కింద మొక్కలకు నీళ్ళు పోసే పని ఇద్దరికి అప్పగించాము. అది మెల్లగా స్నేహమైంది.

ఇదంతా ఇంత వివరంగా చెప్పింది ఎందుకంటే, మీ దగ్గరికి వచ్చే ఆవిడ ఇలాగే చూడాలని కాదు. మీ పిల్లలు వేరు, మీ వరండా వేరు. కానీ ఆవిడ చెప్పేది ఫలానా పిల్లవాడి గురించి, ఫలానా చోటు గురించి ఉండాలి. "మీ పిల్లల్లో సహకార భావం తక్కువగా ఉంది" వంటి మాటతో ముగిస్తే, ఆ మాట ఏ ఊరి బడికైనా అతుకుతుంది. మీ బడికి రాకుండానే చెప్పవచ్చు.

రావడానికి వీలు కాదంటే ఫోనులోనైనా ఒక పని చేయండి. మీ బడిలో జరిగిన ఒక్క సంఘటన, పేర్లు లేకుండా, ఆవిడకు చెప్పండి. "యూకేజీలో ఒక బాబు రోజూ పక్కవాళ్ళను నెడతాడు, ఏమి చేయాలి?" అని. వెంటనే పరిష్కారం చెప్పేవారి కంటే, తిరిగి ప్రశ్నలు వేసేవారు మేలు. ఏ సమయంలో? ఎవరిని? దానికి ముందు ఏమి జరిగింది? నెట్టాక వాడికి ఏమి దొరికింది? వేరే చోట, ఇంటి దగ్గర, ట్యూషన్‌లో ఇలాగే ఉంటాడా? ఈ ప్రశ్నల వెనక ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఒక పని ఎలా చేయాలో పిల్లవాడికి తెలియకపోవడం వేరు, తెలిసినా ఆ వేడిలో చేయలేకపోవడం వేరు. మొదటిదానికి నేర్పాలి. రెండోదానికి పరిస్థితి మార్చాలి, సాధన చేయించాలి. భుజం తగిలితే "కావాలనే తోశాడు" అనుకునే పిల్లలు మరికొందరు. కోపం ఎక్కువగా ఉండే పిల్లలు అటూ ఇటూ కాని సంఘటనను శత్రుత్వంగా చదువుతారని కెన్నెత్ డాడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో చూపించారు. అలాంటివారికి "కొట్టకూడదు" అని చెప్పి లాభం లేదు, తగిలినది పొరపాటున కూడా కావచ్చని గుర్తించడం నేర్పాలి. ఈ మూడింటికీ ఒకే మందు ఇచ్చే శిక్షకురాలు మీ టీచర్లకు సాయపడలేరు.

మీకు నర్సరీ ఉంది కాబట్టి దాని గురించి తప్పక అడగండి. మూడేళ్ళ పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడం లోపం కాదు. పిల్లల ఆటలో ఒంటరిగా ఆడటం, చూస్తూ ఉండటం, పక్కపక్కన ఆడటం, కలిసి ఆడటం వంటి రకాలను మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే వివరించారు. "మీ నర్సరీ పిల్లలు నెలలో బొమ్మలు పంచుకునేలా చేస్తాను" అని ఎవరైనా హామీ ఇస్తే, ఆ వయసు పిల్లలతో వారు ఎక్కువ కాలం గడపలేదని అనుకోవచ్చు. ఒక బొమ్మకు బదులు అలాంటివే మూడు పెట్టమని చెప్పేవారు ఆ వయసు ఎరిగినవారు.

మన ఇళ్ళ మర్యాదలు ఆవిడకు తెలుసో లేదో కూడా చూడండి. పరదేశపు పుస్తకాల్లోని పట్టికలను అలాగే తెచ్చి, పెద్దల కళ్ళలోకి చూసి మాట్లాడటాన్ని మంచి నైపుణ్యంగా మార్కులు వేయించేవారిని నేను చూశాను. మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో తాతగారు మందలిస్తుంటే పిల్లలు తల వంచుకుని వినడమే మర్యాద. అలా పెరిగిన పిల్ల తల దించుకుంటే ఆత్మవిశ్వాసం లేదని రాయడం అన్యాయం. "థాంక్యూ" సంగతీ అంతే. అత్తయ్య జంతికలు పెడితే మన పిల్లలు థాంక్యూ అనరు, మర్నాడు వాళ్ళింటికి పెరుగు గిన్నె మోసుకెళ్తారు. ఆ పిల్లలకు కృతజ్ఞత లేదా? బడిలో థాంక్యూ నేర్పండి, తప్పులేదు. లేనిదాన్ని నేర్పుతున్నామని మాత్రం అనుకోకూడదు.

బలవంతంగా "సారీ చెప్పు" అనిపించడం గురించి ఆవిడ అభిప్రాయం అడగండి. నేను ఉద్యోగంలో సగకాలం అదే చేయించాను. ఆ మాట అనేస్తే తప్పు మాసిపోతుందని పిల్లలకు నేనే నేర్పానని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడైతే "వాడి పుస్తకం చిరిగింది, ఏమి చేద్దాం?" అని అడుగుతాను. అట్ట వేసి ఇవ్వడం సారీ కంటే ఎక్కువ నేర్పుతుంది.

దెబ్బల విషయం తప్పకుండా వస్తుంది. ఎవరో ఒక టీచరు లేచి "ఇవన్నీ వినడానికి బాగుంటాయి కానీ ఒక దెబ్బ వేస్తేనే వింటారు" అంటారు. మా దగ్గరా అన్నారు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం చెప్పి కూర్చోబెట్టడం సులువు. తలాడించి తప్పించుకోవడం ఇంకా సులువు. మా శిక్షకురాలు రెండూ చేయలేదు. "మీరు చివరిసారి కొట్టిన పిల్లవాడు మర్నాడు అదే పని చేశాడా?" అని అడిగారు. ఆ టీచరు నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి "చేశాడు" అన్నారు. "అయితే మనం ఇద్దరం కలిసి ఇంకేదైనా వెతుకుదాం" అన్నారు ఆవిడ. ఆ మాటలో వెటకారం లేదు, నిజంగానే మధ్యాహ్నమంతా ఆయన పక్కన కూర్చుని వెతికారు. టీచర్లతో ఆవిడ ప్రవర్తించిన తీరే పిల్లలతో మేము ప్రవర్తించాల్సిన తీరు. అది మేము వినడం కంటే చూసి ఎక్కువ నేర్చుకున్నాము. కాబట్టి మీ టీచర్ల పేర్లు ఆవిడ అడుగుతారా, వెనక మౌనంగా కూర్చున్నవారికి మాట్లాడే వ్యవధి ఇస్తారా, గమనించండి.

ధ్రువపత్రాల గురించి రెండు మాటలే. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలోని పునాది దశ పత్రం 2022లో వచ్చింది, 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు సంబంధించినది. సామాజిక, భావోద్వేగ వికాసం అందులో ఒక ప్రధాన అంశం. ఆవిడ దానిని చదివి ఉండాలి, మీ టీచర్ల పాఠాలకు ముడిపెట్టగలగాలి. ఆటిజం, బుద్ధిమాంద్యం వంటి వాటిలో నిపుణురాలినని చెబితే మాత్రం భారతీయ పునరావాస మండలి రిజిస్టర్‌లో పేరు ఉందో లేదో చూడండి. 1992 చట్టం కింద నడిచే మండలి అది, నమోదైన ప్రత్యేక విద్యా నిపుణులకు సంఖ్య ఉంటుంది. అడిగితే నొచ్చుకోవాల్సిన విషయం కాదు. నమోదు లేకపోయినా మంచి శిక్షకులు ఉంటారు, కానీ వారు తమ హద్దు చెబుతారు. "ఇది నా పని కాదు, ఈ బిడ్డను భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ప్రభుత్వ కేంద్రం) చూపించండి" అనగలుగుతారు.

అందుకే ఆవిడను ఈ ప్రశ్న అడగండి: "మీరు పొరబడిన ఒక పిల్ల గురించి చెప్పండి." మా శిక్షకురాలిని నేను ఆటో కోసం ఎదురుచూస్తూ అడిగాను. ఒక పాపను రెండు నెలలు బిడియస్తురాలనుకుని, మాట్లాడించడానికి ఎన్నో ఆటలు ఆడించారట. చివరికి చూస్తే ఆ పాపకు ఒక చెవి వినబడదు. ఎడమ వైపు నుంచి పిలిచినవారికి జవాబు ఇచ్చేది కాదు, అంతే. అప్పటి నుంచి ఎవరైనా "ఈ పిల్ల ఎవరితోనూ మాట్లాడదు" అంటే ఆవిడ మొదట ఆ పిల్ల వెనక నిలబడి చిన్నగా రెండు వైపుల నుంచీ పిలిచి చూస్తారు, అనుమానం వస్తే పరీక్షకు పంపుతారు. చెబుతుంటే ఆవిడ కళ్ళు చెమర్చాయి. నేను ఆవిడను నమ్మింది అప్పుడే.

ఇక ఏర్పాట్లు. వరుసగా రెండు రోజులు పెట్టుకోవద్దు. అదే రుసుములో ఒక రోజు తరగతి, మూడు వారాల తర్వాత ఒక పూట మీ తరగతి గదుల్లో, మరో నెలకు ఇంకో పూట అని అడగండి. కొత్త పద్ధతి విన్నంత మాత్రాన తరగతిలోకి రాదు. చేసి చూపించడం, చేయించడం, తర్వాత పక్కన ఉండి సరిదిద్దడం కావాలని బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచీ టీచర్ల శిక్షణ గురించి చెబుతూ వచ్చారు. నా అనుభవమూ అదే. రెండోసారి రావడానికి ఇష్టపడని శిక్షకురాలు మొదటిసారి రావడం వల్ల మీకు మిగిలేది ఒక మంచి రోజు. జాతీయ విద్యా విధానం 2020 టీచర్లకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. వాటిలో కొన్ని ఇలా చిన్న చిన్న ముక్కలుగా ఉండటం మేలు.

తరగతిలో ఆయాలను కూర్చోబెట్టండి, వీలైతే వ్యాను డ్రైవరును కూడా. పిల్లల తగాదాలు, జట్లు, కటీఫ్‌లు పాఠం జరిగేటప్పుడు కాదు, కుళాయి దగ్గర, మరుగుదొడ్డి దారిలో, వ్యానులో జరుగుతాయి. అక్కడ మీ టీచర్లు ఉండరు, వీరు ఉంటారు. "ఆయాలు ఎందుకు?" అని ఆవిడ అడిగితే మరోసారి ఆలోచించండి. మా శిక్షణలో అందరికంటే పనికొచ్చిన మాట చెప్పింది మా వంట అక్కే: ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినడం మానేశారో ఆమెకు మాకంటే నాలుగు రోజుల ముందే తెలిసేది.

సమయం కూడా చూసుకోండి. బడి తెరిచిన మొదటి రెండు వారాలు వద్దు, పిల్లలు ఇంకా కుదురుకోరు. జులై, ఆగస్టుల్లో మీ పిల్లలు నది మధ్య లంక ఊళ్ళ నుంచి వస్తుంటే అసలే వద్దు. 2022 జులై గోదావరి వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు మా వైపు బళ్ళు మూతపడ్డాయి. నీళ్ళు తీశాక వచ్చిన పిల్లలు పది రోజుల పాటు చిన్నదానికీ ఏడ్చారు, కొట్టుకున్నారు, టీచరు కొంగు వదలలేదు. ఆ రోజుల్లో పిల్లలను చూసి ఎవరూ ఏ నిర్ణయానికీ రాకూడదు. దసరా సెలవుల తర్వాత రెండో వారం మంచిది.

ఆవిడ వచ్చే రోజు మీ ఆయాతో ఒక పళ్ళెం ఎక్కువ పెట్టమని చెప్పండి. ఆఫీసు గదిలో కాకుండా, పిల్లల వరుసలోనే కింద కూర్చుని తినమనండి. ఎవరి పక్కన కూర్చుంటారో చూసి, వీలైతే ఇక్కడ రాయండి.